ఆమె పేరు మీద తిట్లు

పరుపుల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ మిరపకాయ అనేవాళ్లు. ముక్కు మీద కోపం అంటారే, ఆమె కోపం ముక్కు మీద ఆగేది కాదు, నేరుగా నాలుక మీదకి దిగేది. పరుపు చుట్టూ అంచుపట్టీ కుట్టే పెద్ద మిషను మీద ఆమె పని. మిషను పరుపు చుట్టూ తిరుగుతుంటే మనిషి కూడా దానితోపాటు నడుస్తూ పట్టీని బిగించి పట్టుకోవాలి. మూల తిరిగేటప్పుడు చెయ్యి కాస్త వదులైందా, పరుపు మూతి వంకర పోతుంది. అలా రోజంతా పరుపుల చుట్టూ తిరుగుతూ ఆమె తిట్టని మనిషి ఆ షెడ్డులో లేడు. పరుపుల్లో పెట్టే ఫోము దిమ్మలు తడిగా తెచ్చినవాణ్ణి తిట్టేది, మిషనుకి నూనె పెట్టనివాణ్ణి తిట్టేది, సూపర్‌వైజరును మాత్రం మర్యాదగా సార్ అని పిలిచి మరీ తిట్టేది.

"సార్, దారం తెగినప్పుడల్లా నా చెయ్యి మంచిది కాదంటారు. ఈ దారం కొన్న చెయ్యి ఎవరిదో అది కూడా ఒకసారి చూపించండి, కళ్లకద్దుకుంటాం."

ఆ మాటకి పక్క వరసలో వాళ్లు మిషన్లు ఆపి మరీ నవ్వారు. ఆమె నోట బూతు ఉండదు, అబద్ధం ఉండదు. ఎవరి తప్పు వాళ్లకే అద్దంలో చూపించినట్టుండేది. అందుకే తిట్లు తిన్నవాళ్లు కూడా మర్నాడు వచ్చి ఆమె పక్కనే కూర్చుని టీ తాగేవాళ్లు.

మొగుడు కూడా తిట్ల వల్లే దొరికాడు. ఫ్యాక్టరీలో సరుకుల లిఫ్టు ఒకసారి రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల రెండు పరుపులు, ఆమె. లిఫ్టులు బాగుచేసే కుర్రాడు వచ్చి టార్చి పట్టుకుని తీగలు చూస్తున్నాడు, చూస్తూనే ఉన్నాడు. సందులోంచి ఆమె గొంతు వినిపించింది. "బాబూ, నువ్వు లిఫ్టు బాగుచెయ్యడానికి వచ్చావా, దాన్ని పెళ్లిచూపులు చూడటానికి వచ్చావా?" అతనికి నవ్వాగలేదు, చేతిలో స్క్రూడ్రైవర్ జారి కిందికి పోయింది. దాని కోసం దిగి ఎక్కేసరికి ఇంకో అరగంట, ఇంకో విడత తిట్లు. ఆ తర్వాత ఆ లిఫ్టు చెడిపోకపోయినా చూసిపోవడానికి వచ్చేవాడు. పెళ్లయ్యాక తెలిసింది, అతనికి నోట్లో నాలుక లేదని. ఇంట్లో ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేది. సాయంత్రం అతను పని నుంచి రాగానే చెప్పులు విప్పుతూ, "ఇవాళ ఎవరికి పడ్డాయి?" అని అడిగేవాడు. ఆమె మొదలుపెట్టేది. అతను గోడకి చేరగిలబడి వినేవాడు.

ఆరేళ్లు అలా గడిచాక పాప పుట్టింది. ఆమె కోపం పోయింది.

చెప్పేవాళ్లకే ఒళ్లు మండే సంగతి ఇక్కడుంది. మనిషి కోపం పోయిందంటే దాన్ని ఒక్కరైనా వెతకాలా వద్దా? రోజూ గంటలు కొట్టే గోడగడియారం ఒకనాడు కొట్టకపోతే, కుర్చీ వేసుకుని ఎక్కి ఏమైందో చూస్తాం. మనిషి గొంతు ఆగిపోతే మాత్రం అబ్బ, ఇల్లు హాయిగా ఉంది అనుకుంటాం. ఆమె విషయంలో జరిగింది అదే. చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ ఆమెను మెచ్చుకున్నారు. "తల్లయ్యాక ఎంత నెమ్మదించిందో" అన్నారు. ఫ్యాక్టరీ నుంచి సూపర్‌వైజరు కూడా వచ్చి, "ఇక మిరపకాయ కాదు, పంచదార చిలక" అని తన జోకుకి తనే నవ్వుకుని పోయాడు. వాడి దారం గురించి ఆమె ఒక్క మాట అనలేదు.

భర్త తరఫు పిన్ని ఒకావిడ వచ్చి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆపరేషనే కదా, నొప్పులు పడకుండా తప్పించుకున్నావు. అదృష్టవంతురాలివి" అంది. పొట్ట మీద కుట్లు లాగుతుంటే పక్కకి తిరగడానికి కూడా మంచం పట్టీ పట్టుకోవాల్సి వస్తున్న మనిషితో అన్న మాట అది. పాత మిరపకాయ అయితే ఆ పిన్ని వెళ్లేటప్పుడు చెప్పులు ఏ కాలివి ఏ కాలికి వేసుకుంటోందో తెలియకుండా పోయేది. ఈమె ఊరికే నవ్వింది. నవ్వి, గోడ వైపు చూస్తూ ఉండిపోయింది.

లోపల ఏం జరుగుతోందో ఆమె ఎవరికీ చెప్పలేదు. వాళ్లది నాలుగో అంతస్తు. వంటగది పక్కన చిన్న బాల్కనీ ఉంది. ఒకరోజు పాపను ఎత్తుకుని అక్కడ నిలబడి ఉండగా, ఈ చేతులు వదిలేస్తేనో అన్న ఆలోచన వచ్చింది. వచ్చింది, అంతే. వదిలెయ్యాలని ఆమెకు లేదు. కానీ అలాంటి ఆలోచన తన బుర్రలోకి ఎలా వచ్చిందని ఒళ్లంతా చల్లబడిపోయింది. ఆ రోజే బాల్కనీ తలుపుకి గడియ పెట్టింది. మళ్లీ తియ్యలేదు, ఎవరినీ తియ్యనివ్వలేదు. గుడ్డలన్నీ కుర్చీల మీదా తలుపుల మీదా ఆరుతున్నాయి. పాపను కూర్చునే ఎత్తుకునేది, నిలబడి ఎత్తుకునేది కాదు. పాలివ్వడం అవగానే అత్తగారి చేతుల్లో పెట్టేసేది. తన చేతులంటే తనకే భయం.

అత్తగారు మంచి మనిషే. చాకిరీ అంతా ఆవిడే చేసేది. కానీ వచ్చినవాళ్లందరికీ, "పాపకి గాలి తగులుతుందని బాల్కనీ తలుపు కూడా తియ్యనివ్వదు, అంత జాగ్రత్త" అని గొప్పగా చెప్పేది. ఆ మాట విన్నప్పుడల్లా కోడలి గుండె జారిపోయేది. అంతలో ఆవిడ పెద్దకూతురు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుందని కబురొచ్చింది. సోమవారం పొద్దున్నే అత్తగారి ప్రయాణం. అంటే సోమవారం నుంచి అతను పనికి పోయాక, మళ్లీ దీపాలు పెట్టేదాకా ఇంట్లో ఆమె, పాప, ఆ తలుపు. ఆమె తిండి మానేసింది. పళ్లెంలో కెలికి లేచిపోతుంటే, "లావయిపోతాననా?" అని అత్తగారు వేళాకోళం చేసింది.

శనివారం మధ్యాహ్నం ఎక్కడో ఒక పెద్ద భవనంలో లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నారని అతనికి ఫోనొచ్చింది. తింటున్న కంచం వదిలేసి పరిగెత్తాడు. ఆ తొందరలో ఆమె ఫోను వాషింగ్ మిషను మీద మర్చిపోయాడు. ఆమె ఫోను ఎన్నో వారాలుగా అతని దగ్గరే ఉంటోంది. "ఫ్యాక్టరీవాళ్లు ఊరికే చేస్తున్నారు, నీకు విశ్రాంతి ఉండట్లేదు, నా దగ్గర ఉండనీ" అన్నాడు. ఫోనేంటి, ఇల్లు రాసిమ్మన్నా ఇచ్చేసేలా ఉంది అప్పుడామె. అత్తగారు పాపను పక్కలో వేసుకుని కునుకు తీస్తోంది. వాషింగ్ మిషను మీద ఫోను టింగు టింగుమంటూనే ఉంది. పాప లేస్తుందేమోనని దాన్ని ఆపడానికే వెళ్లింది.

తెర మీద ఒక మాట కనిపించింది. "ఏమ్మా మిరపకాయ్, ఇవాళ నోరు తెరవలేదేం? మీ ఆయన్ని తిట్టడం అయిపోయిందా, మావాణ్ణి కూడా తిడతావని ఎదురుచూస్తున్నా."

ఆమె ఎవరితోనూ మాట్లాడలేదే. ఎవరీ మనిషి? తెరిచి చూసింది.

అదొక గుంపు, ఫోనులోనే రాసుకునేది. పేరు ఉయ్యాల గోల. అందరూ పసిపిల్లల తల్లులే, తలా ఒక ఊరు. నడిపేది పెద్దక్క అని ఒకావిడ, స్కూలు బస్సు తోలుతుంది, ముగ్గురు పిల్లలు. అక్కడ ఒకటే పెద్ద కట్టుబాటు. అడగకుండా ఎవరూ ఎవరికీ సలహా ఇవ్వకూడదు. ఎందుకంటే కొత్త తల్లికి సలహాలు ఇవ్వనివాడు పాపాత్ముడన్నట్టు లోకమంతా ఇస్తూనే ఉంటుంది, ఇక్కడైనా కాస్త ఊపిరి తీసుకోనిద్దాం అని పెద్దక్క పెట్టిన రూలు. నోరు జారి ఎవరైనా సలహా ఇచ్చారో, శిక్షగా తమ వంటింటి సింకు ఆ క్షణాన ఎలా ఉందో అలాగే ఫోటో తీసి పెట్టాలి. కడిగి తియ్యకూడదు. ఆ శిక్షకి భయపడి అందరూ నోళ్లు కుట్టుకుని, సలహాలకి బదులు నవ్వులు పంచుకుంటున్నారు.

కవలల తల్లి ఒకావిడ రాసింది, "మావాళ్లు షిఫ్టుల్లో ఏడుస్తారు. ఒకడు డ్యూటీ దిగితేగానీ ఇంకొకడు ఎక్కడు. ఓవర్‌టైం మాత్రం నాకు." బ్యాంకులో పనిచేసే ఇంకొకావిడ, పాప టోపీ నెత్తిన పెట్టుకుని ఉన్న సంగతి మర్చిపోయి ఆఫీసు మీటింగులో కూర్చుందట. మేనేజరు చివరిదాకా ఏమీ అనలేదట, "ఆయనకి కూడా ఇంట్లో చంటిది ఉంది, ఆయన భుజం మీద పాలమరక ఉంది" అని రాసింది.

ఆ గుంపులో అందరికంటే ఎక్కువ మాట్లాడుతున్నది, అందరినీ ఎక్కువ నవ్విస్తున్నది మిరపకాయ. ఈమె ఫోటో, ఈమె పేరు. "పాపను చూడ్డానికి వచ్చినవాళ్లంతా ముక్కు ఎవరిదని కొట్టుకుంటున్నారు. ముక్కు ఎవరిదైనా తీసుకోండి తల్లీ, తాగిన కప్పులు మాత్రం ఎవరివి వాళ్లు కడిగి పొండి." ఇంకోచోట, "పాప పడుకున్నప్పుడు నువ్వూ పడుకో అంటారు. పాప ఏడ్చినప్పుడు నేనూ ఏడుస్తున్నాను. ఆ సంగతి ఎవరికీ పట్టదు." ఇంకోచోట, "మా ఆయన లిఫ్టుల మెకానిక్. ఊళ్లో ఎవరు ఇరుక్కున్నా పరిగెత్తుకుపోతాడు. ఇంట్లో నేను ఇరుక్కున్నాను, ఏ బటన్ నొక్కాలో తెలీక నిలబడ్డాడు."

ఎవరు రాశారో మొదటి మాటకే తెలిసిపోయింది. ఆ కప్పుల తిట్టు ఆమెదే. పోయినేడు ఫ్యాక్టరీలో టీ కప్పులు వదిలేసి పోయినవాళ్లను అచ్చం అలాగే తిట్టి, సాయంత్రం ఇంటికొచ్చి అతనికి చెప్పింది. గోడకి చేరగిలబడి విన్న మనిషి ఒక్క మాట పోకుండా దాచుకున్నాడన్నమాట. ఆమెకు ముందు నవ్వొచ్చినంత పనైంది. ఎక్కడో తను ఇంకా తిడుతూ తిరుగుతోందని, వందలమంది ఆడవాళ్లు తన తిట్ల కోసం కాచుకుని కూర్చున్నారని అనుకుంటే వింతగా అనిపించింది.

చదువుతూ మొదటికి వెళ్లింది. గుంపులో చేరేటప్పుడు పెద్దక్క అందర్నీ ఒక ప్రశ్న అడుగుతుంది. బిడ్డ పుట్టాక నీకు అన్నిటికంటే కోపం తెప్పించిన మాట ఏది? దానికి అతను ఈమె పేరు మీద ఇచ్చిన జవాబు అక్కడే ఉంది. "ఆపరేషనే కదా, నొప్పులు తప్పించుకున్నావు, అదృష్టవంతురాలివి."

ఆమె చెవులు వేడెక్కాయి. మెడ వెనక నుంచి ఏదో జివ్వున లేచి తలకెక్కింది. మూడు నెలలుగా ఎటు పోయిందో తెలియని కోపం ఒక్కసారిగా వచ్చి ఒంట్లో కూర్చుంది.

అతను తిరిగొచ్చేసరికి ఆమె వంటగది గుమ్మంలో ఫోను పట్టుకుని నిలబడి ఉంది. చూసి, తేలు కుట్టిన దొంగలా అక్కడే ఆగిపోయాడు.

"ఇదేంటి?" అంది ఆమె.

"అదీ... పాప అస్తమానం ఏడుస్తోందని, ఎవరినైనా అడుగుదామని చేరాను. ఆడవాళ్లకే అన్నారు. నీ పేరు పెట్టాను."

"చేరావు, బానే ఉంది. అడిగావు, బానే ఉంది. అక్కడితో ఆగావా?"

"నువ్వు మాట్లాడటం మానేశావు."

"అందుకని నా నోరు నువ్వు అద్దెకి తీసుకున్నావా? చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లని చూశాను గానీ, పెళ్లాం పేరు చెప్పి తిట్లమ్ముకునేవాణ్ణి నిన్నే చూస్తున్నా."

అతను తలొంచుకున్నాడు. పాత రోజులైతే అక్కడ నవ్వేవాడు. ఆమె నవ్వించడానికి అనలేదు.

"పిన్ని ఆ మాట అన్నప్పుడు నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడే."

"ఏం చేస్తున్నావు?"

అతను వంగి చెప్పులు విప్పుకోసాగాడు.

"నేను చెప్తా. బిస్కెట్ తింటున్నావు. టీలో ముంచుకుని, అది విరిగి కప్పులో పడితే చెంచాతో తీసుకుని మరీ తింటున్నావు. నీకు తెలీలేదేమో, మగవాడివి కదా, ఆ మాట నన్ను ఎక్కడ కోసిందో నీకెలా తెలుస్తుంది అనుకున్నాను ఇన్నాళ్లూ. నీకు తెలుసు. అందరికంటే బాగా తెలుసు. ఊరూ పేరూ తెలియని ఆడవాళ్లకి చెప్పావు గానీ, ఎదురుగా కూర్చున్న మీ పిన్నికి చెప్పలేకపోయావు. నాకైనా చెప్పావా, ఆ మాట తప్పని?"

అరుపులకి అత్తగారు లేచి వచ్చింది. "ఏంటమ్మా ఇది, పాప లేస్తుంది. ఇన్నాళ్లూ ఎంత నెమ్మదిగా ఉన్నావు."

"నెమ్మది కాదు అత్తయ్యా. లోపల చచ్చిపోయి ఉన్నా. మీరందరూ బాగుంది బాగుంది అన్నారు. పైకి లేద్దామనుకున్నప్పుడల్లా ఆ మెచ్చుకోలు రాయిలా తెచ్చి నెత్తిన పెట్టారు."

అప్పుడు అతను అన్నాడు. "ఇల్లు బోసిపోయింది. వాళ్లు నీ మాటలకి నవ్వుతుంటే నువ్వు ఇంట్లో ఉన్నట్టుండేది. అందుకు రాశాను."

"నేను ఇంట్లోనే ఉన్నాను కదయ్యా. పక్క గదిలో ఉన్నాను. వచ్చి కూర్చుంటే సరిపోయేది."

ఆమె ఫోనుతో అక్కడే కింద కూర్చుని, గోడకి వీపు ఆనించి రాయడం మొదలుపెట్టింది. కోపంలో ఉంది కాబట్టి రాయగలిగింది. అది కాస్త చల్లారేదాకా ఆగి ఉంటే ఇంకో మూడు నెలలు అలాగే గోడలు చూస్తూ ఉండేదేమో.

"ఇన్నాళ్లూ ఇక్కడ రాసింది నేను కాదు. మా ఆయన. తిట్లు నావే, కానీ పాతవి. ఇప్పుడు నా దగ్గర తిట్లూ లేవు, నవ్వులూ లేవు. పాపను ఎత్తుకుని బాల్కనీ దగ్గరికి వెళ్లలేకపోతున్నాను. నా చేతులు ఏం చేస్తాయోనని భయం. సోమవారం నుంచి ఇంట్లో నేనూ పాపే. ఎవరికీ చెప్పలేదు. మీకే చెప్తున్నాను."

పంపించేసింది. అతను భుజం మీదుగా చదివాడు. బాల్కనీ అన్న మాట దగ్గర ఆమె పక్కనే కూలబడ్డాడు. కాసేపటికి అత్తగారు, "ఏం రాసిందిరా?" అని అడిగింది. అతను మెల్లగా చెప్పాడు. ఆవిడ గడియ పెట్టిన తలుపు వైపు చూసింది. "గాలికనుకున్నానే" అని మాత్రం అంది, లోపలికి వెళ్లి నిద్రపోతున్న పాప పక్కన కూర్చుంది.

గుంపులో ముందు లేచింది కోపమే. అది న్యాయమైన కోపం. "మగాడా? నా కుట్లు చీము పట్టిన సంగతి, నా కాపురం సంగతి ఒక మగాడికి చెప్పుకున్నానా ఇన్నాళ్లూ?" అని కవలల తల్లి ఒంటికాలి మీద లేచింది. ఇంకొకరు తీసెయ్యండి అన్నారు. ఇంకొకరు ఛీ అన్నారు. అతను అవన్నీ ఒక్కటి వదలకుండా చదివాడు.

అప్పుడు పెద్దక్క వచ్చింది. "మగాడి పంచాయతీ తర్వాత పెట్టుకుందాం, వాణ్ణి నేనే వదలను. ముందు ఆ బాల్కనీ మాట ఎవరైనా చదివారా? చెల్లీ, ఇది సలహా. నువ్వు అడగలేదు, అయినా ఇస్తున్నా. సోమవారం దాకా ఆగొద్దు. ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్లు. నాకూ వచ్చింది ఇది, రెండో వాడప్పుడు. నాది బాల్కనీ కాదు, కూరగాయల కత్తి. ఇంట్లో కత్తులన్నీ పాతగుడ్డలో చుట్టి అటక మీద పడేశాను, నెలరోజులు ఉల్లిపాయ కొయ్యలేదు. ఇది జబ్బు. నువ్వు చెడ్డతల్లివి కావు. దీనికి వైద్యం ఉంది, నాకు తగ్గింది, బస్సు నిండా పిల్లల్ని తోలుతున్నాను. ఇదిగో నా సింకు."

కింద ఫోటో. నిన్నటి గిన్నెలు, వాటి మీద ఇవాళ్టివి, ఆ పైన ఒక పిల్లాడి బూటు.

దాని వెనక ఇంకొకటి వచ్చింది. "ఒంటరిగా ఉండకు. ఇదిగో నా సింకు." మళ్లీ ఇంకొకటి. "నాకు కూడా అలాంటి ఆలోచనలే వచ్చాయి, నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. వెళ్లమ్మా. నా సింకు ఇదిగో." మాడిన పాలగిన్నెలు, పాలసీసాల గుట్టలు, నీళ్లు పోక నిలిచిపోయిన సింకులు, ఒకదాంట్లో ఎందుకో ఒక దువ్వెన. ఏ ఊళ్లో ఏ వంటింట్లో ఏ పని చేసుకుంటున్నారో, అందరూ లేచి వెళ్లి శిక్ష ముందే అనుభవించి మరీ ఆ సలహా చెప్పారు. చివరికి కవలల తల్లి కూడా పెట్టింది. "మీ ఆయన్ని నేను క్షమించలేదు, క్షమించను. ఆ సంగతి అతనికి చెప్పు. నువ్వు మాత్రం బయల్దేరు. నా సింకులో గిన్నెలే కాదు, గిన్నెల కింద సింకు ఉందో లేదో కూడా నాకు తెలీదు."

ఆమె నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ముక్కు తుడుచుకుని, "లే" అంది అతనితో. "వెళ్దాం."

పాపను అత్తగారే ఎత్తుకుని కిందిదాకా వచ్చి, రిక్షా ఎక్కాక అతని ఒళ్లో పెట్టింది. "పెద్దదానికి వాళ్ల అత్తగారు ఉంది, ఆడపడుచు ఉంది. నేను సోమవారం వెళ్లట్లేదు" అని కోడలి మొహం చూడకుండా చెప్పింది.

ఆసుపత్రిలో ఆ సాయంత్రం రద్దీగా ఉంది. బల్ల దగ్గర కూర్చున్న నర్సు పాపను చూసి, "బాగానే ఉందిగా బంగారు, మరేంటి?" అంది. మనసు బాగాలేదని ఆమె చెప్పబోతుంటే నర్సు మధ్యలోనే అందుకుంది. "కొత్త తల్లులందరికీ ఉండేదేనమ్మా. మంచి సంగతులు ఆలోచించు. ఇంత నెమ్మదైన పిల్లవి, నీకేం."

"మంచి సంగతులు ఆలోచించడం చేతనైతే ఇక్కడికి ఎందుకొస్తానండి? డాక్టరుని కలవాలి. కలిసే వెళ్తాను" అంది ఆమె. చుట్టూ కుర్చీల్లో ఉన్నవాళ్లు తలలెత్తి చూశారు. నర్సు మూతి ముడుచుకుని చీటీ రాసిచ్చింది.

డాక్టరు నడివయసు మనిషి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది, అలసిపోయి ఉంది. ముగ్గురినీ చూసి, అలవాటుగా అతని వైపు తిరిగింది. "చెప్పండి, ఏంటి ఇబ్బంది?"

అతను నోరు తెరిచాడు. పాపం, సాయం చేద్దామనే. "అంటే ఏం లేదండీ, ఈ మధ్య మా ఆవిడ కొంచెం డల్‌గా..."

"ఆగు" అంది ఆమె. "ఇన్నాళ్లూ నా పేరు మీద మాట్లాడింది చాలు."

అతను ఆగాడు. ఆమె కుర్చీ ముందుకి జరుపుకుని డాక్టరుకి ఎదురుగా కూర్చుంది. చేతులు దాచుకోలేదు, బల్ల మీదే పెట్టింది.

"రాసుకోండి డాక్టరుగారూ. మొదటి నుంచీ చెప్తాను. కొన్ని మాటలు వినడానికి బాగుండవు. మధ్యలో నన్ను ఊరుకోమనొద్దు."

"అనను" అంది డాక్టరు, కలం తీసింది.

అతని ఒళ్లో పాప కదిలి, గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది. ఎప్పటిలాగే అతను గబుక్కున లేచి, పాపను బయట తిప్పుకొస్తానన్నట్టు తలుపు వైపు అడుగేశాడు.

"ఎక్కడికి?" అంది ఆమె వెనక్కి తిరగకుండానే. "ఏడిస్తే ఏడవనీ. కూర్చో. నువ్వు కూడా వినాలి."

అతను ఏడుస్తున్న పాపతోనే వెనక్కి వచ్చి ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది.